మూడున్నర పరుగు

నా నంబరు మళ్ళీ పిలిచారు. మళ్ళీ లేవలేదు. గోడ మీది ఎర్ర అంకె కాసేపు మిణుకుమిణుకుమంది, మూడో కిటికీలోని అమ్మాయి మెడ చాచి హాలంతా చూసింది, నేను సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను, ఆమె మీట నొక్కి తర్వాతి మనిషిని పిలిచింది. చేపల చెరువుల ఆయనెవరో రబ్బరు బూట్లు ఈడ్చుకుంటూ వెళ్ళి నా చోట కూర్చున్నాడు. పోనీ. సంచిలో నేను వెతకవలసిందేమీ లేదు. అందులో ఉన్నవి రెండు చీటీలు. రెండింటి మీదా నలభై రెండు లక్షల తైవాన్ డాలర్లని నా చేతిరాత, రెండింటి మీదా మా కంపెనీ పెద్ద ముద్ర, పక్కన మా ఆయన పేరు చెక్కిన చిన్న ముద్ర, రెండింటి మీదా డబ్బు చేరవలసిన చోటు యుంగ్-షున్ ఇత్తడి కర్మాగారం. ఖాతా నంబర్లే వేరు. ఒకటి ఇదే రైతు సంఘం బ్యాంకుది, పెళ్ళయిన కొత్తలోంచి రాస్తూ వేళ్ళకి అలవాటైపోయిన నంబరు. రెండోది ఎక్కడో కావ్‌షుంగ్ రేవులో ఉన్న బ్యాంకుది, నిన్ననే మొదటిసారి చూశాను. మూడున్నరకి షట్టర్ దిగుతుంది. ఆ లోపల ఒక చీటీ కిటికీ లోపలికి వెళ్ళాలి, ఇంకోటి చిరిగిపోవాలి. ఏది ఏదో నాకు తెలియటం లేదు.

నిన్న సాయంత్రం వంకాయలు కోస్తుంటే ఫోను మోగింది. షియు-మియన్ అక్క పంపిన మెసేజ్. యుంగ్-షున్ యజమానురాలు. మా కుళాయిల వర్క్‌షాపుకి కావలసిన ఇత్తడి కడ్డీలన్నీ వాళ్ళ కొలిమిలోంచే వస్తాయి. రోజూ పొద్దున్నే తామరపువ్వు బొమ్మ మీద శుభోదయం అని పెద్ద అక్షరాలున్న చిత్రం పంపుతుంది, నేను తిరిగి ఇంకో తామరపువ్వు పంపుతాను, ఫోన్లో ఇంతే మా మాటలు. నిన్న మాత్రం, "సూ-చిన్, రైతు సంఘం ఖాతాని పన్నువాళ్ళు తనిఖీకని ఆపేశారు. అందులో వేస్తే డబ్బు ఇరుక్కుపోతుంది. ఈ కొత్తదాంట్లో వెయ్యి. నా ఫోన్లో మాట వినపడట్లేదు, రాస్తే చాలు" అని. కింద పాస్‌బుక్ అట్ట ఫోటో. మా వైపు ఖాతా ఇదీ అని చెప్పటమంటే అట్ట ఫోటో పంపటమే, అది చూశాక ఇంకెవరూ ఏమీ అడగరు. కంపెనీ పేరు సరిగ్గా ఉంది. ప్రతి అక్షరం కూడబలుక్కుని చూశాను. కానీ కావ్‌షుంగ్ ఎందుకు? వాళ్ళ రెండోవాడు రేవులో సరుకు దింపించే పని చేస్తాడు కదా, కొడుకు తెరిపించి ఉంటాడు. కొడుకు తెరిపిస్తే తన పేరు మీద తెరుస్తాడు గాని కంపెనీ పేరు మీద ఎందుకు? కంపెనీ పేరు మీదే తెరవాలి, లేకపోతే నాకు బిల్లు కుదరదు. మరి కుదిరిందిగా. కుదరటమే కదా అనుమానం. ఇలా నిన్న సాయంత్రం మొదలైంది, వంకాయలు మాడిపోయాయి, ఇంకా ఆగలేదు.

ఇందాక ఒకసారి కిటికీ దాకా వెళ్ళాను. కొత్త ఖాతా చీటీ లోపలికి తోశాను. ఆ అమ్మాయి అంకె చూసి కలం కింద పెట్టి, గొంతు తగ్గించి, "పిన్నీ, ఈ డబ్బెవరికి?" అంది. ఇత్తడికని చెప్పాను. "ఆ మనిషి మీకు తెలుసా?" తెలియకేం, నా పెళ్ళికి బంగారు గాజులు తెచ్చిన మనిషి. "అయితే ఈ ఖాతా వాళ్ళదేనని వాళ్ళ నోటితో విన్నారా?" వినలేదు, చదివాను. ఇంత పెద్ద మొత్తం పంపే ముసలివాళ్ళందరినీ, ఎవరి చేతిలోనైనా మోసపోతున్నారేమోనని, ఇలాగే అడుగుతారు, జవాబు తడబడితే పోలీసుని పిలుస్తారు, పోయిన నెల మా వీధి పళ్ళకొట్టు ఆవిడ తన సొంత ఇంటి బాకీ కట్టటానికి వచ్చి కానిస్టేబుల్‌తో అరగంట పోట్లాడింది. నాకు ఆ సంగతి గుర్తొచ్చి నవ్వు వచ్చింది, నవ్వితే అమ్మాయి ఇంకా అనుమానంగా చూసింది. "కళ్ళజోడు మర్చిపోయానే తల్లీ" అని చీటీ వెనక్కి లాక్కున్నాను. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. పాపం మంచి పిల్ల.

మా ఆయన ఉంటే నాకీ గొడవ లేదు. ఆయన మాజు అమ్మవారి పల్లకి వెనక నడుస్తున్నాడు. ఏటా నడుస్తాడు. ఆ పల్లకికి దారంటూ ముందుగా ఉండదు, నాలుగు రోడ్ల కూడలిలో ఆగి, ఊగి, అమ్మవారు ఎటు తిరిగితే అటు జనమంతా తిరుగుతారు, పొలాల్లోంచి వెళ్ళినా సరే, పెట్రోలు బంకులోంచి వెళ్ళినా సరే. ఫోను ఎక్కడో తడిసి చచ్చిపోయి ఉంటుంది. ఆయన పక్కనే హుంగ్ అన్నయ్య, షియు-మియన్ అక్క మొగుడు, ఇద్దరూ ఒకే గురువు దగ్గర పోత పని నేర్చుకున్నవాళ్ళు. గడప దాటుతూ మా ఆయన ఎంత తేలిగ్గా చెప్పాడు! "ముద్రలు నీ దగ్గరే ఉన్నాయిగా. నెలాఖరు మూడున్నర లోపల అన్నయ్యకి పంపెయ్. రాగి ధర మండిపోతోంది, పాత ధరకే ఇస్తానన్నాడు, ఆ పూట దాటితే వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది." పాత ధర ఏమిటి, లెక్క ఏమిటి, అన్నీ టీ తాగుతూ నోటి మాటలే. ఒక్క కాగితం లేదు. ఆ కడ్డీలు రాకపోతే హాలండ్ కుళాయిల ఆర్డరు పోతుంది, ఆ ఆర్డరు పోతే వర్క్‌షాపు పోతుంది. డబ్బు తప్పు ఖాతాకి వెళ్తే ఆర్డరు సంగతి ఆలోచించే పని కూడా ఉండదు. మధ్యాహ్నం వాళ్ళ కొలిమికి ఫోను చేశాను. వియత్నాం కుర్రాడు ఎత్తాడు, వెనక పొయ్యి గర్జిస్తోంది. "యజమానురాలు లేదు! యజమాని మాజు నడక!" ఎప్పుడొస్తుందయ్యా? "మాజు తెలియదు!" అని పెట్టేశాడు.

అక్కనే సూటిగా అడగవచ్చు కదా. అడగవచ్చు. వాళ్ళ పక్క వీధి కవాటాల కంపెనీలో కొత్తగా చేరిన పిల్ల ఒకతి ఒకసారి అడిగింది, అమ్మా మీ ఖాతా ఇదేనా, ఇంకో కాగితం ఏదైనా ఉందా అని, మర్యాదగానే అడిగింది. ఆ కంపెనీకి అక్క మళ్ళీ ఒక్క కడ్డీ పంపలేదు. "నా మొహం చూస్తే చాలదట, కాగితం కావాలట. కాగితంతోనే కుళాయిలు పోసుకోమను" అంది మా వరండాలో కూర్చుని, పుచ్చ గింజలు ఉమ్ముతూ. ఆ మనిషిని నేను ఎలా అడగను? అందుకే చుట్టూ తిరిగి అడిగాను. నిన్న రాత్రి, అక్కా తిన్నావా అని రాశాను. తిన్నాను అని వచ్చింది. ఆ మాట దొంగయినా రాస్తాడు. మోకాలు ఎలా ఉంది అని రాశాను. పర్వాలేదు, వాన పడితే లాగుతుంది అని వచ్చింది. అక్కకి మోకాలు నిజంగానే లాగుతుంది. అరవై దాటిన ఎవరికి లాగదు? నాకూ లాగుతుంది. ఇదిగో ఇప్పుడు కూడా లాగుతోంది. ఫోను ఒళ్ళో బుర్రుమంది, అక్కేమో అని ఉలిక్కిపడి చూశాను. కాదు, దౌలియు ఊరి షెన్ గారు, మా కుళాయిలు అమ్మే కొట్టాయన. నెలాఖరున మాకు డబ్బు పంపే ముందు ఫోను చేసి నాలుగు పైసలు తగ్గించమని బేరమాడటం ఆయనకి మామూలే. ఇప్పుడు కాదు స్వామీ. కట్ చేశాను. మళ్ళీ బుర్రుమంది. మళ్ళీ కట్ చేశాను. పొద్దున్నుంచి ఇది ఎన్నోసారో.

ఏసీ చల్లగాలి మెడ మీద పడుతోంది. బయట ఎండ గాజు తలుపుకి అతుక్కుని ఉంది. నా ముందు వరుసలో ఎవరి బుట్టలోంచో ఎండు రొయ్యల వాసన, ఆ వాసనకి మా అత్తగారు, మా అత్తగారికి ఆవిడ ఇనప్పెట్టె, ఇనప్పెట్టె తాళం మెడలో వేసుకుని పోయిన మనిషి, అప్పుడెంత సుఖం, డబ్బంటే చేతిలోంచి చేతిలోకి, మొహం చూసి ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు మొహం ఎక్కడుంది? ఫోటోలో అట్ట ఉంది. మా గేటు దగ్గర కుక్క తావ్యూకి ఈ బాధలేదు. నల్లగా సోయా పులుసు రంగులో ఉంటుందని మా ఆయన దానికి ఆ పేరే పెట్టాడు, తావ్యూ అంటే మా భాషలో సోయా పులుసు. పేరు పెట్టి పిలిస్తే ఎవరినైనా నమ్ముతుంది, పిలవకపోతే మా ఆయన్నయినా పిక్క పట్టుకుంటుంది. నంబరు సరిపోతే చాలనుకునే బ్యాంకులాంటిది. పేరు తెలిసిన దొంగ వస్తే ఏం చేస్తావే అంటే తోక ఊపుతుంది. అక్క పేరుతో దొంగ వచ్చాడా? లేక అక్కే వచ్చిందా, నేను తలుపు వేసి కూర్చున్నానా? నాలుగు రోజుల కిందట ఇదే అక్క తాబేలు బొమ్మ పంపింది. మనవడు బళ్ళో పోటీకి గీశాడట, కింద నొక్కి ఓటు వెయ్యమంది. వేశాను. ఫోను నంబరు అడిగింది, తర్వాత ఏవో అంకెలు వచ్చాయి, అవి కూడా కొట్టమంది, కొట్టాను. పచ్చటి తాబేలు, కాళ్ళు ఐదున్నాయి. మనవడికి లెక్కలు రావనుకుని నవ్వుకున్నాను. అలా మనవడి కోసం ఓట్లడిగే మనిషి అప్పుడు పన్ను తనిఖీలో ఎలా ఉంటుంది? తనిఖీ తర్వాత వచ్చిందేమో. ఇంత జరిగితే ఒక్కసారి వరండాకి వచ్చి తిట్టుకోదా? మొగుడు లేడు, సిగ్గుపడి ఉంటుంది. అక్కకి సిగ్గా? ఏ వైపు తిరిగినా ఇంకో వైపు కనపడుతోంది. పల్లకి కూడలిలో ఊగినట్టు ఊగుతున్నాను, అమ్మవారు మాత్రం తిరగటం లేదు.

"వదినా, గాలి బాగుందా?" తలుపు దగ్గరి కాపలా మనిషి. నేను మూడోసారి నంబరు చీటీ తీసుకోవటం చూశాడు. "బిల్లు మా సంఘం కడుతోందిలెండి, కూర్చోండి." నవ్వాను. ఆయన గడియారం వైపు చూసి, షట్టర్ తిప్పే ఇనప కడ్డీ గోడ మీంచి తీసి, తుడిచి, పక్కన పెట్టుకున్నాడు. ఆ కడ్డీ చూడగానే నాకు హెల్మెట్ గుర్తొచ్చింది.

నేను కొత్త కోడలిని. మొదటిసారి చెక్కు డబ్బు కట్టటానికి పంపారు. మా వైపు చిన్న కర్మాగారాల ఆడవాళ్ళందరికీ అదే బతుకు, మూడున్నర పరుగు అంటాం. ఇచ్చిన చెక్కు ఇవాళ ఖాతాకి వస్తుంది, షట్టర్ దిగేలోపల అందులో డబ్బు ఉండాలి, లేకపోతే చెక్కు తిరిగిపోతుంది, ఒక్కసారి తిరిగితే ఊరంతా తెలుస్తుంది, ఆ తర్వాత ఎవరూ అప్పుకి మేకు కూడా ఇవ్వరు. ఆ రోజు జోరు వాన. నేను ఈ తలుపు దగ్గరికి వచ్చేసరికి షట్టర్ నడుము దాకా దిగింది. ఏడుపు వచ్చేసింది. వెనకనుంచి స్కూటర్ ఒకటి ఫుట్‌పాత్ ఎక్కింది, ఒకావిడ దిగి, నెత్తిమీది హెల్మెట్ తీసి షట్టర్ కింద నిలబెట్టింది. కర్రుమని శబ్దం. షట్టర్ ఆగిపోయింది. "దూరు!" అంది నాతో. ఇద్దరం పాకుతూ దూరాం. నొక్కుపడిన ఆ హెల్మెట్‌నే తర్వాత ఏళ్ళ తరబడి పెట్టుకుంది షియు-మియన్ అక్క. నెలాఖరున యుంగ్-షున్ చెక్కులు వస్తాయి, నెలాఖరున అక్క ఈ తలుపులోంచి పరిగెత్తుకుంటూ వస్తుంది. కొడుకులు ఫోన్లోనే అన్నీ చేసెయ్యొచ్చమ్మా అన్నా వినదు. షట్టర్ దిగటం కళ్ళతో చూస్తేగాని అన్నం దిగదంటుంది.

ఇవాళ నెలాఖరు.

ఈ ఖాతా నిజంగా ఆపేసి ఉంటే అక్కకి ఇక్కడ పని లేదు. ఆపకపోతే, ఆ మెసేజ్ ఇంకెవరిదో అయితే, నేను పంపవలసిన డబ్బు కోసం అక్క ఇవాళ ఈ తలుపులోంచే రావాలి. నేను ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. అక్క మొహం ఎర్రబడక్కర్లేదు. కూర్చుంటే చాలు. లేచి తలుపుకి దగ్గరగా ఉన్న కుర్చీలోకి మారాను. రెండు చీటీలూ తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాను. కుడిచేతిలో పాతది, ఎడమచేతిలో కొత్తది. వస్తే కుడి. రాకపోతే? రాకపోతే ఎడమ, అంతేగా? అంత నమ్మకం ఉందా? మోకాలు లాగి రాకపోతే? దారిలో పల్లకి అడ్డమొచ్చి ఊరంతా ఆగిపోతే? కొడుకు మాట విని ఈసారి ఫోన్లోనే పని కానిచ్చుకుంటే? ఎడమచేతి చీటీ చెమటకి మెత్తబడింది. బయట స్కూటర్ ఆగింది, పోస్టు మనిషి. ఇంకోటి, ఎవరో కూతురు తల్లిని దించుతోంది. చేపల చెరువుల ఆయన పని ముగించుకుని బూట్లు ఈడ్చుకుంటూ వెళ్ళిపోయాడు. హాలు ఖాళీ అవుతోంది. మూడో కిటికీ అమ్మాయి రబ్బరు ముద్రలు డబ్బాలో సర్దుతూ నా వైపే చూస్తోంది, పిన్నీ ఇంకెప్పుడు అన్నట్టు. షియు-మియన్ అక్కా, రా. రాకు, వస్తే నీ ఫోనులో దొంగ ఉన్నట్టు. రా, రాకపోతే నేను ఏం చెయ్యాలో నాకు తెలియదు. కాపలా మనిషి కడ్డీని రంధ్రంలో పెట్టి తిప్పటం మొదలుపెట్టాడు. షట్టర్ మూలిగింది. ఎండ తలుపు మీద పైనుంచి తరుగుతోంది. నేను ఎడమచేతి చీటీతో లేచి నిలబడ్డాను. నిజం. లేచాను. రెండు అడుగులు కూడా వేశాను.

"ఆపవయ్యా! మనిషి మీద దించుతావా!"

వెనక్కి తిరిగాను. సగం దిగిన షట్టర్ కింద మొదట హెల్మెట్ వచ్చింది, తర్వాత దాని కింద అక్క వచ్చింది, ఒక చేత్తో మోకాలు పట్టుకుని. నన్ను చూసి గుటక మింగి అరిచింది. "సూ-చిన్! నీకేమైనా బుద్ధుందా? మధ్యాహ్నం నుంచి కొడుకు చూస్తున్నాడు, నీ డబ్బు రాలేదు రాలేదు అని! నా చెక్కు ఇవాళే! మీ ఇంటికి వెళ్తే ఆ నల్ల కుక్క నన్ను తినేసేది!"

ఫోటో చూపించాను. అక్క హెల్మెట్ అద్దం పైకెత్తి దగ్గరగా చూసింది. "ఎవరిదిది?"

"నీదే. నువ్వే పంపావు."

"నేనా? కావ్‌షుంగ్‌లోనా? అక్కడ నాకు ఖాతా కాదు గదా, మంచి నూడిల్స్ కొట్టు కూడా తెలియదు." నా మొహంలోకి చూసింది. "ఇందుకా నువ్విక్కడ కూర్చున్నది? అడగొచ్చుగా!"

"అడిగితే ఇత్తడి ఆపేస్తావని."

"ఆపేదాన్నే" అంది అక్క. "ముందు చీటీ ఇవ్వు ఆ పిల్లకి."

కుడిచేతి చీటీ కిటికీలోకి వెళ్ళింది. ఈసారి అమ్మాయి, "పిన్నీ, ఈ మనిషి మీకు తెలుసా?" అని అడిగి, నా భుజం మీంచి తొంగిచూస్తున్న హెల్మెట్‌ని చూసి తనే నవ్వేసింది. ముద్ర పడింది. ఇదే బ్యాంకు కాబట్టి డబ్బు అప్పటికప్పుడే అటువైపు చేరింది, అక్క కొడుక్కి ఫోను చేసి విని, కుర్చీలో కూలబడి హెల్మెట్ తీసింది. జుట్టంతా చెమట. వెనక షట్టర్ నేలని తాకింది. నేను ఎడమచేతి చీటీని సన్నగా, ఇంకా సన్నగా చింపుతూ నిలబడ్డాను. "నా ఫోన్లోకి వాడెలా దూరాడే?" అంటోంది అక్క. "నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఏదీ నొక్కలేదు. త్సాయ్ వాళ్ళావిడ మనవడికి ఓటు వేశాను, అంతే. తాబేలు బొమ్మ."

నా చేతులు ఆగాయి.

"ఐదు కాళ్ళదా?"

"అవునే. నీకూ పంపిందా?"

"నాకు నువ్వు పంపావక్కా. మీ మనవడని."

"మా మనవడు తాబేలెక్కడ గీశాడు? వాడు ట్రాక్టర్లే గీస్తాడు."

త్సాయ్ వాళ్ళ ఇంటినుంచి అక్కకి. అక్కనుంచి నాకు. అడిగిన అంకెలన్నీ నేనూ కొట్టాను. నానుంచి ఎవరికి? పొద్దున్నుంచి అక్క ఎవరు, దొంగ ఎవరు అని వెతుకుతున్నాను, నేనెవరో అని ఒక్కసారి అనుకోలేదు. ఫోను తీశాను. పొద్దున్నుంచి తెరవని షెన్ గారి పేరు తెరిచాను. పైన నేను పంపిన తామరపువ్వు. దాని కింద నేను పంపని తాబేలు. దాని కింద నా పేరుతో, నా మర్యాదతో, "షెన్ గారూ, మా ఖాతా మారింది, ఈ నెల పద్దెనిమిది లక్షలూ ఇందులో వెయ్యండి, నా ఫోన్లో మాట వినపడట్లేదు." ఒక పాస్‌బుక్ అట్ట, మా కంపెనీ పేరు ప్రతి అక్షరం సరిగ్గా. దాని కింద ఆయన చేసిన ఫోన్లు, వరసగా, నేను కట్ చేసినవన్నీ. మాట వినపడని మనిషి ఫోను ఎత్తదు కదా. సరిగ్గా సరిపోయింది. మూసిన షట్టర్ వైపు చూశాను. దౌలియులో కూడా ఈపాటికి దిగిపోయి ఉంటుంది.

ఫోను చేశాను. మోగుతోంది. మోగుతోంది. అక్క నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎవరు?" షెన్ గారు. వెనక ఏదో పెద్ద గోల.

"షెన్ గారూ, నేను సూ-చిన్‌ని, పంపేశారా?"

గోల ఇంకా దగ్గరైంది. అది మొరుగుడు. నాకు తెలిసిన మొరుగుడు. "మీ గేటు దగ్గరున్నాను" అన్నాడాయన చివరికి. "ఖాతా మారిందంటారు, ఫోనెత్తరు, అడిగితే మీరేమనుకుంటారో, అడక్కపోతే నేనేమైపోతానో! కారేసుకుని వచ్చాను, మొహం చూసి ఇద్దామని. ఇక్కడ మొహమే లేదు, కుక్క ఉంది. ఇంతకీ వదినా, ఇప్పుడు మాట్లాడేది మీరేనని నాకేంటి నమ్మకం? గొంతులు కూడా తయారుచేస్తున్నారట."

ఏం చెప్పాలి? మోకాలు లాగుతోందని చెప్పనా? తిన్నారా అని అడగనా?

"షెన్ గారూ, ఆ కుక్కని తావ్యూ అని పిలవండి."

"ఏంటీ?"

"పిలవండి."

తర్వాత దూరంగా, గేటుకి అవతల పులి ఉన్నంత భయంగా, "తావ్యూ... ఒరేయ్ తావ్యూ..." అని వినిపించింది. మొరుగుడు ఠక్కున ఆగిపోయింది. ఇనప గేటుకి తోక తగులుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినపడింది.

"మీరే" అన్నాడు షెన్ గారు.